బొమ్మను చూసి బోర్డు కొనవద్దు

ఒక విషయంపై తీర్పు చెప్పదలచినవాడు ముందుగా ఆ విషయ స్వరూపాన్ని స్పష్టంగా గ్రహించి ఉండాలన్నది మా మద్రసాలలో తొలి సంవత్సరాలలోనే బోధించే నియమం. తెలియని వస్తువును మంచిదని పొగిడినా, చెడ్డదని తెగిడినా అందులో న్యాయం ఉండదు. అందుకే అరబ్బీ వ్యాకరణం నేర్చుకునే విద్యార్థి చేత మేము ముందు వాక్యాన్ని విడదీయిస్తాము. ఇది క్రియ, ఇది కర్త, ఇది దానికి విశేషణం అని ఒక్కొక్క పదం స్థానాన్నీ చెప్పించిన తరువాతనే వాక్యానికి అర్థం అడుగుతాము. ఈ అభ్యాసానికి తర్కీబ్ అని పేరు. ఎన్నో ఏళ్లుగా వాక్యాలను విడదీయిస్తున్న మా ముందుకు నిరుడు ఒక స్కేట్‌బోర్డు వచ్చింది. దానినీ అదే పద్ధతిలో పరిశీలించవలసి వచ్చింది. అప్పుడు గమనించినవీ, ఆ తరువాత తెలిసినవారిని అడిగి సేకరించినవీ పిల్లలున్న కుటుంబాలకు ఉపకరించగలవన్న ఆశతో ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మేము నివసించే కొల్లూరు సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉంది. పొలాల నడుమ ఉండిన ఈ ఊరి రూపురేఖలు కొద్ది సంవత్సరాలలోనే మారిపోయాయి. 2023 జూన్ 22న ఇక్కడ ప్రారంభమైన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల కాలనీలో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు ఉన్నాయి. నగరంలోని బస్తీల నుండి ఎన్నో కుటుంబాలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. మాకు తెలిసిన ఇళ్లలో చాలామంది తండ్రులు పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలలో షిఫ్టులకు వెళ్లేవారే. అదే సంవత్సరం అక్టోబరు 1న ఔటర్ రింగు రోడ్డు వెంట సౌర ఫలకాల కప్పు గల సైకిల్ మార్గం కూడా ప్రారంభమైంది. మొత్తం 23 కిలోమీటర్ల ఆ మార్గంలో నార్సింగి నుండి కొల్లూరు వరకు వచ్చే భాగమే 14.5 కిలోమీటర్లు. ఇరుకు సందులలో గోలీలు, గాలిపటాలు ఆడుకున్న పిల్లలకు ఒక్కసారిగా వెడల్పైన సిమెంటు రోడ్లు, బ్లాకుల కింద నీడపట్టున నున్నటి నేల దొరికాయి. నేల నునుపైతే పిల్లల మనసు చక్రాల మీదికి పోవడం సహజం. సైకిళ్లు వచ్చాయి, చక్రాల బూట్లు వచ్చాయి, వాటి వెనుకే స్కేట్‌బోర్డులూ వచ్చాయి.

మా వద్ద సాయంకాలపు పాఠాలకు వచ్చేవారిలో పదకొండేళ్ల అబ్బాయి ఒకడున్నాడు. అతని తండ్రి పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఫిట్టరు. యంత్రాల మరమ్మతులో ఇరవై ఏళ్ల అనుభవం గలవాడు. పండుగనాడు పెద్దలిచ్చిన ఈదీ డబ్బు దాచుకుని ఆ అబ్బాయి 800 రూపాయలకు ఒక స్కేట్‌బోర్డు కొనుక్కున్నాడు. దాని అడుగున నోరు తెరిచిన పులి బొమ్మ ఉంది. ఆ బొమ్మను చూసే కొన్నాడు. వారం తిరగక ముందే, బ్లాకు ముందరి రోడ్డుపై చిన్న గులకరాయి ఒకటి చక్రానికి అడ్డుపడింది. బోర్డు ఉన్నచోటనే ఆగింది, పిల్లవాడు మాత్రం ఆగలేదు. చేతులు చాచి ముందుకు పడడంతో కుడి మణికట్టు ఎముక చిట్లింది. నాలుగు వారాలు కట్టు తప్పలేదు. ఆ నాలుగు వారాలూ అతడు కలం పట్టలేక, ఎడమచేతితో పుటలు తిప్పుతూ తరగతిలో కూర్చునేవాడు.

ఆ రోజులలోనే ఒక సాయంత్రం అసర్ నమాజు ముగిసిన తరువాత తండ్రి ఆ బోర్డును గోనెసంచిలో వేసుకుని, కొడుకును వెంటబెట్టుకుని మా వద్దకు వచ్చాడు. పిల్లవాణ్ణి దూరంగా కూర్చోబెట్టి మాతో ఇలా అన్నాడు: "హజ్రత్, చెయ్యి బాగవగానే మళ్లీ ఎక్కుతానంటున్నాడు. నేను వద్దంటే వినడు, వాళ్లమ్మ ఏడ్చినా వినడు. ఇది హరామ్ అని మీరొక్క మాట చెప్పండి. మీ మాటంటే వాడికి గురి. ఇంట్లో గొడవ తీరిపోతుంది."

ఆ తండ్రి ఆవేదనలో అబద్ధం లేదు. కాని ఆయన అడిగింది చిన్న విషయం కాదు. ధర్మం నిషేధించని దానిని పెద్దల సౌకర్యం కోసం నిషిద్ధమని ప్రకటించే అధికారం ఏ పండితునికీ లేదు. ఈనాడు ఒక చెక్కముక్కను గురించి అలా చెప్పి పిల్లవాని నోరు మూయించవచ్చు. రేపు మత్తు గురించి, జూదం గురించి అదే మాట చెప్పవలసి వచ్చినప్పుడు దానికి వాని మనసులో ఏ విలువ మిగులుతుంది? అందువల్ల "ముందు దీన్ని విప్పి చూద్దాం. తీర్పు సంగతి తరువాత మాట్లాడదాం. మీ సంచిలో పానాలు ఉండే ఉంటాయి కదా" అన్నాము. ఆయన ఒక క్షణం మా ముఖంలోకి చూసి, సంచిలోంచి పానా తీశాడు. పిల్లవాడు ఎవరూ పిలవకుండానే దగ్గరికి జరిగాడు.

స్కేట్‌బోర్డు అంటే నాలుగు చక్రాలు బిగించిన చెక్క అని చాలామంది అనుకుంటారు. విడదీస్తే అది ఆరు రకాల భాగాల కూర్పు. నిలుచునే పలక, దానిపై అంటించే గరుకు పొర, అడుగున ఉండే రెండు ట్రక్కులు, నాలుగు చక్రాలు, ఎనిమిది బేరింగులు, వీటన్నిటినీ కలిపి పట్టి ఉంచే బోల్టులు, నట్టులు. ఇందులో ఏ ఒక్కటి లోపించినా మిగిలినవి దానిని కప్పిపుచ్చలేవు.

పలకను డెక్ అంటారు. మంచి డెక్‌ను మేపుల్ అనే గట్టి కలప పొరలతో చేస్తారు. సాధారణంగా 7 పలుచని పొరలను జిగురుతో కలిపి, అచ్చులో పెట్టి గట్టిగా అదుముతారు. ప్లైవుడ్ తయారుచేసే విధానం తెలిసినవారికి ఇది కొత్త కాదు. కొన్ని పొరల నార నిలువుగా, కొన్నిటి నార అడ్డంగా ఉండేలా పేర్చడం వల్ల బరువు పడినప్పుడు పలక వంగి మళ్లీ లేస్తుందే తప్ప చీలిపోదు. పలక రెండు పక్కలూ కొద్దిగా పైకి లేచి ఉంటాయి. ఆ పల్లం వల్ల పాదానికి అంచు ఎక్కడుందో చూడకుండానే తెలుస్తుంది. ముందు కొసను నోస్ అనీ, వెనుక కొసను టెయిల్ అనీ అంటారు. రెండూ పైకి వంగి ఉంటాయి. వెనుక కొసను పాదంతో నేలకు కొట్టి బోర్డుతో సహా గాలిలోకి లేచే విద్యకు ఆలీ అని పేరు. 1978లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రానికి చెందిన అలన్ గెల్ఫాండ్ అనే యువకుడు చేతితో పట్టుకోకుండా బోర్డును గాలిలోకి లేపి దానికి ప్రసిద్ధి తెచ్చాడు. నేటి విన్యాసాలు చాలా వరకు దానిపైనే ఆధారపడి ఉన్నాయి.

పులి బొమ్మ గల డెక్‌ను ఫిట్టరు వేలితో తట్టి చూశాడు. బోలు చప్పుడు వచ్చింది. అంచున పొరలు అప్పటికే విడివడుతున్నాయి. పక్కలకు పల్లం లేదు, బల్లపరుపుగా ఉంది. పై భాగాన ఉండవలసిన గరుకు పొర పేరుకు మాత్రమే ఉంది. మంచి బోర్డుకు అంటించే పొర ఉప్పుకాగితం వలె గరగరలాడుతుంది. బూటు జారకుండా పట్టి ఉంచేది అదే. ఈ బోర్డు మీద అరచేయి నున్నగా జారిపోయింది.

తరువాత ట్రక్కులు విప్పాము. బోర్డులో పనితనం అంతా కనబడే చోటు ఇదే. ట్రక్కు అడుగుభాగాన్ని బేస్‌ప్లేట్ అంటారు. అది నాలుగు బోల్టులతో డెక్‌కు బిగించి ఉంటుంది. దానిపై హ్యాంగర్ అనే భాగం కూర్చుంటుంది. హ్యాంగర్ గుండా ఉక్కు యాక్సిల్ పోతుంది. హ్యాంగర్‌ను బేస్‌ప్లేట్‌కు కలిపే లావుపాటి బోల్టు కింగ్‌పిన్. దాని చుట్టూ పైనొకటి, కిందొకటి పాలీయురేథేన్ బుష్‌లు ఉంటాయి. నిలుచున్నవాడు ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క బుష్ నొక్కుకుపోయి, యాక్సిల్ తిరిగి, బోర్డు ఆ వైపుకు మలుపు తీసుకుంటుంది. ఒరగడం మానగానే బుష్ తన స్థితికి వచ్చి బోర్డును సరిచేస్తుంది. పగ్గం గాని, హ్యాండిల్ గాని లేని ఈ వాహనానికి నడిపేవాని శరీరపు ఒరుగే పగ్గం. ఆ ఒరుగును చక్రాలకు చేరవేసేది ట్రక్కు.

మంచి ట్రక్కు హ్యాంగర్, బేస్‌ప్లేట్ సాధారణంగా అల్యూమినియం మిశ్రమలోహంతో పోతపోసినవై ఉంటాయి. మా ముందున్నవి ప్లాస్టిక్‌వి. బుష్‌లు బిరుసుగా ఉండి, వేలితో ఎంత నొక్కినా కదలలేదు. యాక్సిల్ అప్పటికే వంగింది. ఫిట్టరు దానిని వెలుతురుకు పట్టి చూసి, "ఇది యాక్సిల్ కాదు హజ్రత్, యాక్సిల్ వేషం" అన్నాడు. అంతసేపూ మౌనంగా ఉన్న పిల్లవాడు అప్పుడు నోరు విప్పాడు: "నేను పక్కకు ఒరిగినా అది తిరిగేది కాదు అబ్బా. నాకే రావడం లేదనుకున్నాను." తండ్రి వెంటనే ఏమీ అనలేదు. కాని ఆ మాటతో ఆయన చూపు కొడుకు మీది నుండి బోర్డు మీదికి మళ్లిందని మాకు స్పష్టంగా తెలిసింది.

ఇక చక్రాల సంగతి. ఈ ఆట 1950ల ప్రాంతంలో కాలిఫోర్నియాలో సముద్రపు అలలపై పలకతో ఆడేవారి మధ్య వ్యాప్తి చెందింది. అలలు లేని రోజున చెక్కకు చక్రాల బూట్ల చక్రాలు బిగించి వీధులలో తిరిగేవారు. మొదట ఇనుప చక్రాలు, తరువాత మట్టి మిశ్రమపు చక్రాలు వాడారు. ఇవి నేలను పట్టుకోవు. చిన్న రాయి తగిలినా ఆగిపోతాయి. 1970ల ఆరంభంలో ఫ్రాంక్ నాస్వర్తీ అనే యువకుడు పాలీయురేథేన్ చక్రాలను స్కేట్‌బోర్డుకు తెచ్చిన తరువాతనే ఈ ఆటకు కొత్త ప్రాణం వచ్చింది. ఆ పదార్థం అరగకుండా నిలుస్తుంది, నేలను పట్టుకుంటుంది, చిన్న గతుకులను తనలో ఇముడ్చుకుంటుంది. మా పిల్లవాణ్ణి పడవేసిన చక్రాలు మాత్రం గట్టి ప్లాస్టిక్‌వి. కాలిఫోర్నియా పిల్లలు అర్ధశతాబ్దం కిందట వదిలించుకున్న ప్రమాదాన్నే పులి బొమ్మతో అలంకరించి మా కొల్లూరు పిల్లవానికి అమ్మారన్నమాట.

చక్రంపై రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది మిల్లీమీటర్లలో వ్యాసం. రెండవది 'ఎ' అక్షరంతో కూడిన గట్టిదనపు కొలత. రబ్బరు వస్తువుల ఫ్యాక్టరీలలో పనిచేసినవారికి షోర్ స్కేలు పేరుతో ఇది పరిచయమే. 50 నుండి 54 మిల్లీమీటర్ల వ్యాసం, 99ఎ వంటి గట్టిదనం గల చక్రాలు నున్నటి నేలపై విన్యాసాలకు తగినవి. 56 నుండి 60 మిల్లీమీటర్ల వ్యాసం, 78ఎ నుండి 87ఎ వరకు మెత్తదనం గలవి గరుకు రోడ్లపై సాఫీగా సాగిపోవడానికి తగినవి. సిమెంటు రోడ్డయినా ఇసుక, కంకర రాలి ఉండే మా వంటి చోట నేర్చుకునే పిల్లలకు ఈ రెండవ రకమే శ్రేయస్కరం. అయితే పెద్ద చక్రం వేసినప్పుడు, ఒరిగిన వేళ అది డెక్‌కు రాసుకుని ఆగిపోయే ప్రమాదం ఉంది. దానిని నివారించడానికి డెక్‌కూ బేస్‌ప్లేట్‌కూ నడుమ రైజర్ అనే చిన్న దిమ్మె వేస్తారు.

చివరగా బేరింగులు. మా తరం వారిలో చాలామందికి చిన్ననాడు మెకానిక్ షెడ్డులలో పారవేసిన బేరింగులు ఏరుకొచ్చి చెక్కకు తొడిగి బండి చేసుకున్న జ్ఞాపకం ఉంటుంది. స్కేట్‌బోర్డు ఒక్కొక్క చక్రంలో రెండేసి బేరింగులు ఉంటాయి. వాటి రకం 608: లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసం 22, మందం 7. ఈ సంఖ్య వినగానే ఫిట్టరు ముఖంలో మార్పు వచ్చింది. మరునాడు డ్యూటీ నుండి వస్తూ కొత్త 608 బేరింగు ఒకటి జేబులో వేసుకుని తెచ్చాడు. "చేతి డ్రిల్లు మిషన్లలో ఇదే వేస్తాము" అంటూ చక్రంలో పెట్టి చూపాడు. అచ్చంగా కుదిరింది. పక్కలకు ఇనుప మూత ఉంటే జెడ్‌జెడ్ అనీ, రబ్బరు మూత ఉంటే ఆర్‌ఎస్ అనీ రాస్తారనీ, దుమ్మున్న చోట రబ్బరు మూతది మేలనీ కొడుకుకు వివరించాడు. బేరింగుల డబ్బాలపై కనబడే ఎబెక్ 3, 5, 7, 9 అనే అంకెలు కొలతల కచ్చితత్వాన్ని మాత్రమే తెలుపుతాయి. అంకె పెద్దదైనంత మాత్రాన బోర్డు వేగంగా పోదు. నేర్చుకునే పిల్లవానికి ఆ అంకె కోసం అదనపు డబ్బు పెట్టనవసరం లేదు.

ఆ సాయంత్రం మేము గమనించిన ఒక విషయాన్ని చెప్పక తప్పదు. ఆ పిల్లవానికి తండ్రి ఫ్యాక్టరీకి వెళ్తాడని తెలుసు, అలసిపోయి వస్తాడని తెలుసు. అక్కడ ఆయన చేసే పని ఏమిటో తెలియదు. బేరింగును వేలి కొసపై నిలిపి తిప్పుతూ, చెవి దగ్గర పెట్టుకుని శబ్దాన్ని బట్టి దాని బాగోగులు చెబుతున్న తండ్రిని అతడు కళ్లప్పగించి చూశాడు. స్కేట్‌బోర్డులో బేరింగు, బుష్, యాక్సిల్, పోత, ప్లై, నట్టు తప్ప వేరేమీ లేదు. అది పటాన్‌చెరు కార్మికుని చేతికి అలవాటైన లోకమే. అమ్మేవాని వద్ద ఆ జ్ఞానం ఉండకపోవచ్చు. కొనే తండ్రి వద్ద ఉంది. అయినా బజారులో ఆ తండ్రులు తమ విద్యను పక్కనపెట్టి బొమ్మను చూసి కొంటున్నారు.

చెయ్యి బాగుపడిన తరువాత ఎటువంటి బోర్డు కొనాలన్న ప్రశ్న వచ్చింది. ఎంపికలో మొదట చూడవలసిన కొలత డెక్ వెడల్పు. దానిని పాదాన్ని బట్టి, ఎత్తును బట్టి నిర్ణయించాలి. ఆరేడు సంవత్సరాల పిల్లలకు 7 అంగుళాల చుట్టూ, తొమ్మిది నుండి పన్నెండేళ్ల వారికి 7.25 నుండి 7.5 అంగుళాల వరకు, పెద్ద పిల్లలకు, యువకులకు 7.75 నుండి 8.25 అంగుళాల వరకు సామాన్యంగా సరిపోతాయి. వెడల్పు తక్కువైతే మడమ బయటికి వేలాడుతుంది. ఎక్కువైతే పసి పాదానికి బోర్డును ఒరిగించే బలం చాలదు. ట్రక్కు యాక్సిల్ పొడవు డెక్ వెడల్పుకు దాదాపు సమానంగా ఉండాలి. కాలు అంగుళానికి మించి తేడా ఉండరాదు. తేలికపాటి పిల్లలకు బుష్‌లు మెత్తగా ఉండాలి, లేకుంటే వారి బరువుకు అవి నొక్కుకోవు. కుడికాలు ముందు పెట్టేవారికి, ఎడమకాలు ముందు పెట్టేవారికి వేర్వేరు బోర్డులు అక్కరలేదు. మొదటిసారి భాగాలను విడివిడిగా కొనడం కంటే, స్కేటింగు సామాను అమ్మే దుకాణంలో సిద్ధంగా బిగించినది కొనడం చవక. అరిగిన భాగాన్ని తరువాత మార్చుకోవచ్చు.

ఎనిమిదేళ్ల చెల్లెలు కూడా తనకూ కావాలన్నది. ఒకే బోర్డు ఇద్దరికీ రావాలంటే పెద్దవానికి సరిపడినదే కొనడం మంచిది. చిన్నపిల్ల దానిపై నిలుచుని తూకం నేర్చుకోగలదు. చిన్న బోర్డుపై పెద్దవాడు నిలువలేడు. హెల్మెట్ మాత్రం ఎవరి తలకు సరిపడినది వారికి విడిగా ఉండి తీరాలి. వారి తల్లి ఒక షరతు పెట్టింది: ముందు హెల్మెట్, మణికట్టు రక్షలు, మోకాటి, మోచేతి కవచాలు ఇంటికి రావాలి, బోర్డు వాటి వెనుక రావాలి. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే వివేకవంతమైన మాట ఆమెదేనని మా అభిప్రాయం. పడేటప్పుడు మనిషి చేతులు చాచడం సహజం కనుక ఈ ఆటలో మణికట్టు దెబ్బలు తరచు తగులుతుంటాయి. కొత్త బోర్డు ఖరీదు పాతదానికి సుమారు ఐదు రెట్లయింది. వడ్డీ వాయిదాలకు పోకుండా, రెండు నెలల పాటు కొద్దికొద్దిగా కూడబెట్టి కొన్నారు. ఆ రెండు నెలల నిరీక్షణ కూడా పిల్లవానికి ఒక పాఠమే.

ఇటువంటి ఆట మనకు తగునా అని సంకోచించేవారికి రెండు మాటలు. చక్రాలపై నిలబడే విద్య మన ప్రాంతానికి కొత్తది కాదు. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ చక్రాల బూట్ల విన్యాసాలలో 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో కాంస్య పతకాలు సాధించి, 2015 సంవత్సరపు అర్జున పురస్కారం పొందాడు. స్కేట్‌బోర్డు విషయానికి వస్తే, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అది తొలిసారి చోటు సంపాదించుకుంది. మహిళల స్ట్రీట్ విభాగంలో బంగారు పతకం గెలిచిన జపాన్ బాలిక మోమిజి నిషియా వయసు 13 సంవత్సరాలు. 2007లో కాబూలు నగరంలో స్కేటిస్తాన్ అనే ప్రయత్నం మొదలైంది. పిల్లలను బోర్డుతో ఆకర్షించి చదువు వైపు మళ్లించడం దాని ధ్యేయం. అక్కడ ఎందరో బాలికలు బోర్డు ఎక్కారు, పుస్తకమూ పట్టారు. మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలోని జన్వార్ గ్రామంలో 2015లో పిల్లల కోసం స్కేట్‌పార్కు కట్టినప్పుడు, బడికి వెళ్లనివారికి బోర్డు లేదని నియమం పెట్టారు. ఉపాధ్యాయులమైన మాకు ఆ నియమం ఎంతో నచ్చింది.

ఇక ఆ తండ్రి అడిగిన తీర్పు. శరీరానికి దృఢత్వాన్ని, మనసుకు నిబ్బరాన్ని ఇచ్చే ఆటను నిషిద్ధమనలేము. అయితే దానికి హద్దులున్నాయి. పందెం ఉండరాదు. నమాజు వేళ, పాఠం వేళ దాటిపోరాదు. తనకు గాని, ఇతరులకు గాని హాని కలుగరాదు. టిప్పర్లు, లారీలు తిరిగే సర్వీసు రోడ్డుపై బోర్డు ఎక్కకూడదు. సైకిల్ మార్గం సైకిళ్ల కోసం వేసినది, దాని హక్కు సైకిళ్లదే. బ్లాకు కింద వృద్ధులు నడిచే వేళ ఆట ఆపాలి. వాన కురిసిన నేలపై వద్దు. తడిస్తే బేరింగులు తుప్పు పడతాయి, పలక ఉబ్బుతుంది. ఈ హద్దులను పిల్లవాని ఎదుటే చెప్పాము. అతడు ఒక్కొక్కటీ తిరిగి చెప్పి ఒప్పుకున్నాడు. హరామ్ అన్న ఒక్క మాటతో నోరు మూయించి ఉంటే ఈ ఒప్పుకోలు మాకు దొరికేది కాదు.

కొనబోయే తల్లిదండ్రులకు మా మనవి ఇది. దుకాణంలో బోర్డును తిరగవేయండి. బొమ్మ ఉండేది అడుగు వైపునే. దానిని వదిలి దాని రెండు పక్కల ఉన్న ట్రక్కులను చూడండి. అవి లోహమో ప్లాస్టిక్కో గోటితో తట్టండి. అంచున పొరలు లెక్కపెట్టండి, సందులుంటే వదిలేయండి. చక్రాన్ని తిప్పండి, అది ఊగకుండా, గరగర లేకుండా తిరగాలి. గోరు గుచ్చితే రబ్బరు వలె పట్టాలి గాని పలక వలె టకటకలాడకూడదు. బోర్డును నేలపై పెట్టి పిల్లవాణ్ణి ఎక్కించి, చేయి పట్టుకుని ఒక పక్కకు ఒరగమనండి. చక్రాలు ఆ వైపు మళ్లి, తిరిగి సరికావాలి. ఇంటికి తెచ్చిన తరువాత వారానికొకసారి బోల్టులు బిగువు చూడండి. కింగ్‌పిన్ నట్టును మాత్రం బుష్ చితికేంతగా బిగించకండి. బేరింగులకు వంటనూనె, కొబ్బరినూనె వేయకండి. దుమ్మును పట్టి అవే చెడతాయి. ఆ పానా పట్టే పనిని మీరొక్కరే చేయక, పిల్లల చేత చేయించండి. తన చేతులతో బిగించిన బోర్డు ఎక్కే పిల్లవాడు, ఎక్కే ముందు దానిని ఒకసారి తిరగవేసి చూసుకుంటాడు.